పాటల రికార్డింగ్‌కి కొత్త పీసీ: గ్రాఫిక్స్ కార్డు కావాలా?

ప్రశ్న: ఇంట్లో పాటలు రికార్డ్ చేసుకోవడానికి కొత్త పీసీ తీసుకుందామనుకుంటున్నాను. ఇప్పుడున్నది 8 జీబీ ర్యామ్, హార్డ్ డిస్క్ ఉన్న విండోస్ లాప్‌టాప్. రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పది పన్నెండు ట్రాకులు దాటితే చిటపటలు వస్తున్నాయి, పైగా పాడుతుంటే హెడ్‌ఫోన్స్‌లో నా గొంతు నాకే ఆలస్యంగా వినపడి తాళం తప్పుతోంది. మైకు యూఎస్‌బీది. గ్రాఫిక్స్ కార్డున్న గేమింగ్ పీసీ తీసుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు, నిజమేనా?

జవాబు 1: గ్రాఫిక్స్ కార్డు జోలికే పోకండి. మామూలు ప్లగిన్లు (ధ్వనిని మార్చడానికి సాఫ్ట్‌వేర్‌లో కలుపుకునే చిన్న ప్రోగ్రాములు) దాన్ని వాడుకోవు, లెక్కలన్నీ ప్రాసెసర్ మీదే పడతాయి. అందులోనూ ఒక ట్రాకులో వరసగా పెట్టిన ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్ లాంటి ప్లగిన్లు ఒకదాని తర్వాత ఒకటి నడవాల్సిందే కాబట్టి వాటిని నాలుగు కోర్లకు పంచడం కుదరదు, అందుకే కోర్లు ఎన్నున్నాయో చూసేముందు ఒక్కో కోరు ఎంత వేగమో చూడండి.

మీరు చెప్పినవి రెండు వేరు వేరు సమస్యలు. గొంతు ఆలస్యం కావడానికి కారణం బఫర్, అంటే కంప్యూటర్ ధ్వనిని ఒక్కోసారి ఎంత పోగుచేసి పని మొదలుపెడుతుందో ఆ ముక్క. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకి 48 వేల శాంపిళ్లు, అంటే ధ్వని కొలతలు) బఫర్ 1024 శాంపిళ్లు పెడితే వెళ్లేటప్పుడు 21 మిల్లీసెకన్లు, వచ్చేటప్పుడు ఇంకో 21, అంత తేడాతో ఎవరు పాడినా తాళం తప్పుతుంది. అదే 128 పెడితే ఒక్కో వైపు 2.7 చాలు, కానీ ఆ కాస్త టైములోనే ప్రాసెసర్ పని ముగించాలి, ముగించలేకపోతే మీరు వింటున్న చిటపటలు మొదలు. అంటే ఒకటి తగ్గిస్తే ఇంకొకటి పెరుగుతుంది. పాడేటప్పుడు 128, మిక్సింగ్‌కి 1024 పెట్టుకోండి, బరువైన ట్రాకుల్ని ఫ్రీజ్ చేయండి, అంటే ప్లగిన్లతో సహా మామూలు ఆడియోగా మార్చి పెట్టండి.

ముందు కొనాల్సింది పీసీ కాదు, సొంత ఏసియో డ్రైవర్ (విండోస్‌లో ఆడియో ఆలస్యం తగ్గించే డ్రైవర్) ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె. దానికి తగ్గ మైకు కూడా తీసుకోవాలి, మీ యూఎస్‌బీ మైకు దానికి తగలదు. డైరెక్ట్ మానిటరింగ్ ఉన్నది చూసుకుంటే గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రానక్కర్లేకుండానే హెడ్‌ఫోన్స్‌కి వస్తుంది. ఇప్పుడున్న మైకుకే హెడ్‌ఫోన్ జాక్ ఉంటే ముందు అందులో పెట్టి, రీపర్‌లో ఆ ట్రాకు మానిటరింగ్ ఆపి చూడండి, ఖర్చు లేకుండానే సగం బాధ తీరొచ్చు.

ప్రశ్న అడిగినవారు: జాక్ ఉందండీ, ఇన్నాళ్లూ లాప్‌టాప్‌కే పెడుతున్నా! సరే, మరి హార్డ్ డిస్క్ సంగతి? ర్యామ్ 32 కావాలా?

జవాబు 2: రికార్డింగ్‌కి మాత్రమే అయితే డిస్కు గురించి టెన్షన్ వద్దు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ మోనో ట్రాకు నిమిషానికి 9 ఎంబీ కూడా తీసుకోదు. 16 ట్రాకులు ఒకేసారి రికార్డ్ చేసినా సెకనుకి రెండు ఎంబీల పైచిలుకు, పాత హార్డ్ డిస్క్ కూడా మోస్తుంది. ఎస్‌ఎస్‌డీ అవసరం శాంపిల్ లైబ్రరీల (ముందే రికార్డ్ చేసి పెట్టిన వాయిద్యాల ధ్వనులు) దగ్గరే తెలుస్తుంది. పియానో, స్ట్రింగ్స్ లాంటివి పెద్దపెద్దవి వాడితే ఎస్‌ఎస్‌డీ, 32 జీబీ పెట్టుకోండి, గొంతూ గిటారూ అయితే 16 చాలు. లాప్‌టాపే కొంటే ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చో లేదో అడిగి తీసుకోండి, బోర్డుకే అతికించేసిన మోడళ్లు చాలా ఉన్నాయి.

ఇంకోటి, కొనేముందు పాతదాన్నే లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పరీక్షించండి. వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో మధ్యలో అడ్డుపడుతుంటే అందులో కనిపిస్తుంది. చాలాసార్లు వైఫై ఆపి, పవర్ సెట్టింగ్ హై పెర్ఫార్మెన్స్‌కి మారిస్తే చిటపటలు పోతాయి. గేమింగ్ పీసీలతో మరో తంటా ఫ్యాన్ల మోత, మైకు పక్కనే పెడితే ప్రతి టేకులోనూ అదే వినపడుతుంది.

ప్రశ్న అడిగినవారు: వైఫై ఆపితే చిటపటలు బాగా తగ్గాయి, జాక్ మార్చాక గొంతు కూడా వెంటనే వినిపిస్తోంది. పీసీ ఆపేసి ముందు 16 జీబీ ర్యామ్ వేయిస్తాను. ఇంటర్‌ఫేస్‌కి రెండు ఇన్‌పుట్లు చాలా?

జవాబు 1: మీరొక్కరే పాడుకుంటే చాలు. డ్రమ్స్ కూడా రికార్డ్ చేయాలంటే ఎనిమిది చూడండి.