ప్రచురణ సంస్థ కేటలాగ్‌లోంచి పుస్తకం ఎంచుకోవడం ఎలా?

చిత్తుప్రతి:
అందరికీ నమస్కారం. ఈ మధ్య నాకు బాగా నచ్చిన రెండు పుస్తకాలు ఒకే సంస్థ వేసిందని ఆలస్యంగా గమనించాను. ఒకటి నదుల చరిత్ర, ఇంకోటి అనువాద నవల. మిగతావీ ఇలాగే ఉంటాయేమోనన్న ఆశతో వాళ్ల కేటలాగ్ పీడీఎఫ్ దించుకుని కూర్చున్నా. అందులో లేనిది లేదు. జైలు జ్ఞాపకాలు, సముద్రపు నాచు మీద ఒక పుస్తకం, గణితం, కవిత్వం, యుద్ధకాలపు ఉత్తరాలు, ఒక వడ్రంగి రాసిన వ్యాసాలు!

ఇబ్బందల్లా పుస్తకాల కింద ఉండే నాలుగు లైన్ల పరిచయంతోనే. అన్నీ ఒకే మనిషి ఒకే మధ్యాహ్నం కూర్చుని రాసినట్టున్నాయి. ప్రతి నవలా ‘వెంటాడేది’, ప్రతి చరిత్రా ‘ఇంతవరకు ఎవరూ చెప్పనిది’. టిక్కులు పెట్టుకుంటూ పోతే సగం కేటలాగ్ నా లిస్టులోకి వచ్చేసింది. కొనేదేమో ఒకటో రెండో. రివ్యూలు రాకముందే, కేటలాగ్ చూసి పుస్తకం సంగతి కొంతైనా పట్టుకోవచ్చా? అలవాటున్నవాళ్లు చెప్పండి. ‘తప్పక చదవాల్సిన పది’ లాంటి లిస్టులు మాత్రం వద్దు ప్లీజ్.

అచ్చుతప్పు:
‘వెంటాడేది’ అని రాసి ఉంటే ఒక నవల కొన్నాను. చాన్నాళ్లుగా అలమరలోనే ఉంది. ఒక్కసారి కూడా నా వెంట పడలేదు.

మార్జిన్:
ఒక సంస్థలో కొన్నాళ్లు ఆ నాలుగు లైన్లు రాసే పని నాదే, కాబట్టి ధైర్యంగా చెప్తున్నా: వాటిని వదిలేయండి. కేటలాగ్ పుస్తకం కంటే నెలల ముందే తయారవుతుంది. అప్పటికి రచయిత చివరి అధ్యాయాలతో కుస్తీ పడుతూ ఉండొచ్చు. పరిచయం రాసేవాడి చేతిలో ఒక ప్రతిపాదన, మహా అయితే రెండు అధ్యాయాలు ఉంటాయి. ‘వెంటాడేది’ అని రాయక ఏం చేస్తాడు పాపం!

పక్కన చిన్న అక్షరాల్లో ఉండేవి చూడండి. పేజీల సంఖ్య 256, 288, 320 అని ఉందనుకోండి, అవన్నీ 16 గుణిజాలు. పెద్ద కాగితం మీద అచ్చేసి మడతపెడతారు కాబట్టి ఫారానికి 16 పేజీల చొప్పున లెక్కేస్తారు. ఇంకా రాని పుస్తకానికి అలాంటి సంఖ్య ఉంటే అది అంచనా కావచ్చు. 263 అని ఉంటే పేజీల అమరిక అయిపోయి ఉంటుంది. ఇదేం రూలు కాదు, పూర్తయిన పుస్తకానికి కూడా 256 రావచ్చు. నాన్‌ఫిక్షన్ అయితే మ్యాపులు, ఇండెక్స్, రెఫరెన్సులు ఉన్నాయో లేదో చూడండి. ఇండెక్స్ లేని చరిత్ర పుస్తకాన్ని నేనైతే ముట్టను.

అన్నిటికంటే ముఖ్యం, కేటలాగ్‌ని వెనక నుంచి చదవండి. కొత్తవి ముందు రంగుల్లో ఉంటాయి, బ్యాక్‌లిస్ట్, అంటే ఇంకా అమ్ముతున్న పాత పుస్తకాల జాబితా, చివర్లో ఇరుకుగా ఉంటుంది. పదేళ్ల కిందటి పుస్తకాన్ని ఇంకా అచ్చులో ఉంచారంటే ఎవరో అడుగుతూనే ఉన్నారన్నమాట. అడిగినప్పుడు ఒక్క కాపీ అచ్చేసి ఇచ్చే పద్ధతి వచ్చాక ఈ లెక్క కాస్త వదులైంది, నిజమే. అయినా సంస్థ అభిరుచి ఏమిటో అక్కడే తెలుస్తుంది.

కార్డుపెట్టె:
లైబ్రరీలో పనిచేస్తాను. మార్జిన్ గారితో సగమే ఒప్పుకుంటా. పరిచయం వదిలేయక్కర్లేదు, విశేషణాలు కొట్టేసి చదవండి చాలు. ‘సముద్రపు నాచు ప్రపంచంలోకి ఒక అపురూపమైన, కవితాత్మకమైన ప్రయాణం’ అన్నదాంట్లో అవి తీసేస్తే ఏం మిగిలింది? నాచు, ప్రయాణం. అదే ‘ఒక రేవు పట్టణపు కస్టమ్స్ రిజిస్టర్ల ఆధారంగా అక్కడి కూలీల జీవితం’ అని ఉంటే కొట్టేయడానికే ఏమీ ఉండదు. ఆ రచయిత ఎక్కడో కూర్చుని ఆ రిజిస్టర్లు తిరగేశాడని అర్థమవుతుంది.

కేటలాగ్‌లో పుస్తకాల్ని విడదీసే విభాగాల శీర్షికల్ని మాత్రం నమ్మకండి. 1498లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త తన గ్రీకు పుస్తకాల జాబితా అచ్చేసినప్పుడు ఐదు శీర్షికలు సరిపోయాయి: వ్యాకరణం, కవిత్వం, తర్కం, తత్వశాస్త్రం, పవిత్ర గ్రంథం. 1935లో పెంగ్విన్ వాళ్లు రంగులతో పని కానిచ్చారు, నవలకు నారింజ, నేర కథలకు ఆకుపచ్చ, జీవిత చరిత్రకు నీలం. ఇప్పుడు ఒక జీవశాస్త్రవేత్త తన తల్లి అనారోగ్యం గురించి రాస్తే అది సైన్సా, జ్ఞాపకాలా? ఎక్కడ పెడితే అమ్ముడవుతుందో అక్కడ పెడతారు. మీ నదుల పుస్తకం ఏ శీర్షిక కింద ఉంది?

చిత్తుప్రతి:
‘ప్రయాణాలు’ కింద! అందులో ప్రయాణమే లేదు, పాత ఆనకట్టల రికార్డులు తప్ప.

మీరు చెప్పినట్టే వెనక నుంచి చూశాను. నాకు నచ్చిన నవల అనువాదకురాలి పేరుతో బ్యాక్‌లిస్ట్‌లో ఇంకో రెండు నవలలు కనిపించాయి, ముందు పేజీల్లో వాటి ఊసే లేదు. ఆ రెంటిలో చిన్నది తీసుకుంటున్నా. నాచు పుస్తకం లిస్టులోంచి తీసేశా, వడ్రంగి మాత్రం ఉన్నాడు. ఇంకో సందేహం: ఆ వ్యాసాల పుస్తకం కేటలాగ్‌లో మూడు చోట్ల మూడు వేరే ఐఎస్‌బీఎన్‌లతో (పుస్తకం గుర్తింపు నంబర్లతో) ఉంది. మూడూ ఒకటేనా?

కార్డుపెట్టె:
గట్టి అట్టది, పేపర్‌బ్యాక్, ఈబుక్ అయి ఉంటాయి. రూపం మారితే నంబరు మారాల్సిందే. మూడు చోట్లా పక్కనున్న తేదీలు పోల్చండి. పేపర్‌బ్యాక్ బాగా వెనకొచ్చిందనుకోండి, ‘కొత్త ముందుమాటతో’ అనో ‘సవరించిన ముద్రణ’ అనో రాశారేమో చూడండి. అలా ఉంటే అదే తీసుకోండి. లేకపోతే అట్ట ఒక్కటే తేడా.

అచ్చుతప్పు:
వడ్రంగి పుస్తకం చదివాక ఇక్కడ రాయండి. ‘వెంటాడేది’ అని మాత్రం రాయకండి.