ఆ ఎక్స్12 సౌర జ్వాల మన వైపు లిస్టులో ఎందుకు లేదు?

ప్రశ్న:
ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం యూరప్ వాళ్ల సోలార్ ఆర్బిటర్ నౌకలోని స్టిక్స్ డేటానీ, మన ఆదిత్య-ఎల్1లోని సోలెక్స్ డేటానీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. రెండూ సూర్యుడి ఎక్స్ కిరణాలని కొలిచే పరికరాలు. రెండు డౌట్లు. 2024 మే 20న స్టిక్స్ చూసిన జ్వాలని ఎక్స్12 (అన్నిటికన్నా తీవ్రమైన ఎక్స్ తరగతిలో 12) అని అంచనా వేశారు. భూమి చుట్టూ తిరిగే అమెరికా గోస్ ఉపగ్రహాల లిస్టులో ఆ రోజు అంత పెద్దది లేదే? ఇంకొకటి, రెండిటికీ కనిపించిన వేరే జ్వాలలో శిఖరం స్టిక్స్‌లో నాలుగు నిమిషాలు ముందే వస్తోంది. గడియారం తేడానా?

జవాబు:
గడియారాలు బాగానే ఉన్నాయండీ. సూర్యుడి నుంచి వెలుగు భూమికి చేరడానికి దాదాపు 499 సెకన్లు పడుతుంది. ఆర్బిటర్ సగం దూరంలో ఉంటే దానికి 250 సెకన్లు ముందే అందేస్తుంది. ఆ రోజు అది ఎంత దూరంలో ఉందో చూసి సరిచేయండి. ఆదిత్య ఉండే ఎల్1 అనే చోటు భూమికి దగ్గరే కాబట్టి, దానికి మాత్రం తేడా 5 సెకన్లే. తీవ్రతనీ మర్చిపోవద్దు, సగం దూరంలో నాలుగు రెట్లు ఉంటుంది.

మే 20న ఆర్బిటర్ సూర్యుడికి అవతల ఉంది. మే 10 నాటి అయస్కాంత తుఫానుకి కారణమైన 13664 నంబరు సూర్యమచ్చల గుంపు కూడా అప్పటికే అటు తిరిగిపోయింది. గోస్, ఆదిత్య ఉన్నది ఇటువైపు. మధ్యలో సూర్యుడే అడ్డం. ఎక్స్12 అన్నది స్టిక్స్ లెక్కని గోస్ స్కేలుకి మార్చి చెప్పినది.

అడిగినవారు:
అయితే ఆర్బిటర్ లాంటి రెండో నౌక అవతలి వైపు కాపలాకేనా?

మరో జవాబు:
కాదండీ! నాకు ప్రాణమైన సంగతి సూర్యబింబం అంచు దగ్గర ఉంది. జ్వాలలో ఎలక్ట్రాన్లు అయస్కాంత వలయం పాదాల దగ్గర క్రోమోస్ఫియర్‌ని (సూర్యుడి వాతావరణంలో కింది పొర) గుద్దుకుంటాయి, హార్డ్ (ఎక్కువ శక్తి గల) ఎక్స్ కిరణాలు ఎక్కువగా అక్కడే పుడతాయి. ఎదురుగా లారీ హెడ్‌లైట్లు కొడితే పక్కన సైకిల్ మనిషి కనిపించనట్టు, వలయం పైభాగంలోని మసక వెలుగు ఆ ధాటికి మరుగున పడిపోతుంది. పాదాలు మన వైపు నుంచి అంచు వెనక్కి పోయాయనుకోండి, ఆదిత్యలో హార్డ్ ఎక్స్ కిరణాలని కొలిచే హెలియోస్‌కి పైభాగం ఒక్కటే మిగులుతుంది. దానికి బొమ్మ తీసే శక్తి లేకపోయినా, వచ్చిన స్పెక్ట్రమ్ (ఏ శక్తి కిరణాలు ఎన్ని అన్న లెక్క) అచ్చంగా పైభాగానిదే! ఆర్బిటర్ అటువైపు ఉంటే, అదే జ్వాలని స్టిక్స్ పాదాలతో సహా మొత్తం చూస్తుంది.

జ్వాల ఇద్దరికీ పూర్తిగా కనిపించి, స్పెక్ట్రమ్‌లు మాత్రం కలవకపోతే, కిరణాలు ఒక దిక్కుకే ఎక్కువ పోతున్నాయని వెంటనే రాసేయకండి. ఫోటోస్ఫియర్ (మనకి కనిపించే సూర్యుడి ఉపరితలం) నుంచి వెనక్కి చెదిరి వచ్చేవి ముందు తీసేయాలి. అవి బింబం మధ్యలో ఎక్కువ, అంచున తక్కువ.

మీ లిస్టులో అంచుకి దగ్గర జ్వాలలుంటే తేదీలు ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.