సావిత్రి గారి సంతకం ఉన్న మాయాబజార్ ఫోటో – కొనమంటారా? రేపటి లోపు చెప్పాలి

కృష్ణాతీరం: మూడు గంటల నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, ఏమీ తేలడం లేదు. సావిత్రి గారు సంతకం చేసిన మాయాబజార్ ఫోటో ఒకటి అమ్మకానికి వచ్చింది. ₹18,000 అంటున్నారు. మా అమ్మకి ఆవిడంటే ప్రాణం, వచ్చే నెలలో అమ్మకి 70 నిండుతాయి. సర్టిఫికెట్ కూడా ఇస్తారట. రేపు సాయంత్రం లోపు అడ్వాన్స్ వేయకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారట. నెట్‌లో దొరికిన సంతకాలతో పోల్చి చూశాను. ఒకదానితో గీతకు గీత సరిపోయింది, ఇంకోదానితో అస్సలు కలవలేదు. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? చాలా టెన్షన్‌గా ఉంది.

పాత రీలు: వెనక వైపు ఫోటో పెట్టండి. ఏ పెన్నో చెప్పండి.

స్టాంపుల పెట్టె: కొన్నా కొనకపోయినా ఒక మాట వినండి. లామినేషన్ మాత్రం చేయించకండి. మా నాన్నగారి పాత ఫోటోలు ప్లాస్టిక్ ఆల్బమ్‌లో అతుక్కుపోయి, లాగితే సిరా అంతా కవరుకే వచ్చేసింది. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది. ఎండ తగిలే గోడకు పెట్టకండి. మామూలు పీవీసీ కవర్లు వద్దు, పాలిస్టర్ కవర్లు అడిగి తీసుకోండి.

కృష్ణాతీరం: సార్, నేనింకా కొననే లేదు. పెన్ను నల్ల మార్కర్‌లా ఉంది. ఒరిజినల్ అని అమ్మే ఆయన గట్టిగా చెబుతున్నాడు.

మద్రాస్ మెయిల్: ఏది ఒరిజినల్ అంటున్నాడో అడిగారా? ఫోటోనా, సంతకమా? పాత రోజుల్లో అభిమానుల ఉత్తరాలకు జవాబుగా పంపే ఫోటోల మీద సంతకం ఫోటోతో పాటే అచ్చయి వచ్చేది. అది పాతదే, మోసం కాదు, కానీ ఆటోగ్రాఫ్ కాదు. భూతద్దంతో చూడండి. ఫోటోను వెలుతురులో వాల్చి చూస్తే, పెన్ను సిరా అయితే పైన వేరే మెరుపుతో కనిపిస్తుంది. అచ్చయితే ఫోటోలో కలిసిపోతుంది.

పాత రీలు: అచ్చు సంతకాన్ని కూడా ఆటోగ్రాఫ్ ఫోటో అనే అంటారు.

మద్రాస్ మెయిల్: అమ్మేవాళ్లు అంటారు. కొనేవాళ్లు అనకూడదు. లక్స్ ప్రకటనలో ‘సావిత్రి గణేశ్’ అని ఆవిడ చేసిన సంతకంతోనే జెమినీ గణేశన్‌తో పెళ్లి సంగతి లోకానికి తెలిసింది. ఆ కాగితం ముక్క కత్తిరించి ఆటోగ్రాఫ్ అని అమ్మితే ఒప్పుకుంటారా?

పాత రీలు: ఒప్పుకోను. కానీ ఇక్కడ ప్రశ్న అది కాదు. గీతకు గీత సరిపోయిందన్నారు, నాకు భయం అక్కడే. ఏ మనిషీ రెండుసార్లు ఒకేలా సంతకం చేయలేడు. అంతలా కలిస్తే దాన్ని చూసి దించారన్నమాట. గీత మొదలూ చివరా చూడండి. చేయి అలవాటుగా ఆడితే చివర సన్నబడుతుంది. దించినదైతే ఒకే మందంలో, ఆగి ఆగి వణికినట్టు ఉంటుంది.

గోదారి గట్టు: అల్ట్రావయొలెట్ టార్చ్ కొనండి అన్నా, కాగితం నీలంగా మెరిస్తే కొత్తది.

మద్రాస్ మెయిల్: తమ్ముడూ, దీనికి పనికిరాదు. కాగితాన్ని తెల్లగా చూపించే ఆ రసాయనాలు 1950లలోనే వాడుకలోకి వచ్చాయి. 1957 నాటి కాగితం మెరిసినా మెరవకపోయినా ఏదీ రుజువు కాదు. మార్కర్ సంగతీ అంతే, ఆవిడ 1981 దాకా ఉన్నారు కాబట్టి తర్వాతెప్పుడో మార్కర్‌తో చేసి ఉండొచ్చు.

కృష్ణాతీరం: నేను ఇంకా చేత్తో పట్టుకుని చూడలేదండీ, వాట్సాప్‌లో పంపారు. శశిరేఖ నగలు, పట్టుచీర రంగులు భలే కనిపిస్తున్నాయి, అందుకే అమ్మకి నచ్చుతుందనుకున్నాను.

పాత రీలు: రంగులా?? ఇది మొదటే చెప్పాలి కదండీ. మాయాబజార్ నలుపు తెలుపు సినిమా. రంగులు వేసి విడుదల చేసింది 2010లో. ఆవిడ పోయింది 1981 డిసెంబరు 26న.

గోదారి గట్టు: ఆ రంగుల వెర్షన్ నాకైతే చాలా నచ్చింది.

స్టాంపుల పెట్టె: కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ తీసిన వెన్నెలను నలుపు తెలుపులోనే చూడాలి బాబూ.

మద్రాస్ మెయిల్: ఒక్క నిమిషం. పాత ఫోటోలకు చేత్తో రంగులద్దే పద్ధతి అప్పట్లోనే ఉంది. అలా అద్దినదైతే అంచుల దగ్గర రంగు గీత దాటుతుంది, కుంచె జాడ తెలుస్తుంది. భూతద్దంలో రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే మాత్రం ఈమధ్య ప్రింటరులో తీసిందే. సర్టిఫికెట్ ఎవరిచ్చారు? అమ్మేవాడే రాసుకుంటే అది చిత్తు కాగితంతో సమానం.

కృష్ణాతీరం: ఆయనే రాసిస్తారట. వెనక వైపు చూపించమంటే ఫ్రేములోంచి తీయడం కుదరదన్నాడు.

పాత రీలు: వదిలేయండి.

స్టాంపుల పెట్టె: ఫ్రేములో అద్దం ఫోటోకి ఆనుకుని ఉంటే అదీ ప్రమాదమే. రెండింటికీ మధ్య అంచుల చుట్టూ అట్ట పెట్టాలి.

కృష్ణాతీరం: అడ్వాన్స్ వేయలేదు. థాంక్స్ అండీ.

కొత్త సభ్యుడు: నా దగ్గర ఘంటసాల గారి సంతకంతో ఒక పోస్టు కార్డు ఉంది. సిరా నీలం. దాన్ని కూడా ఇలాగే చూడొచ్చా?