మోషే: హెబ్రీ పేరా, ఐగుప్తు పేరా?

అన్వేషి:
నిర్గమకాండము 2:10 ప్రకారం ఫరో కుమార్తె తాను నీళ్లలోనుంచి తీసిన బిడ్డకు, ఆ కారణమే చెప్పి, మోషే అని పేరు పెట్టింది. హెబ్రీలో 'మాషా' అంటే పైకి తీయడం. హెబ్రీయుల మగపిల్లలను నదిలో పారవేయమన్న రాజు ఇంట్లో దత్తపుత్రుణ్ణి హెబ్రీ పేరుతో పిలిచారంటే నమ్మశక్యంగా లేదు. ఐగుప్తు రాజుల పేరైన థుత్మోసె అంటే థోత్ దేవునికి పుట్టినవాడు. ముందున్న దేవుని పేరు తొలగిస్తే మిగిలేది మోషేయే కనుక ఇది ఐగుప్తు పేరని నా వాదన.

వాక్యప్రియ:
అన్వేషి గారూ, శబ్దం కలిసినంత మాత్రాన చుట్టరికం కలవదు. ఆ ఐగుప్తు ధాతువే రామెసేసు పేరులోనూ ఉంది. ఆ పట్టణం పేరును 1:11లో 'స' పలికే 'సామెఖ్' అక్షరంతో రాశారు. మోషేలో ఉన్నది 'ష' పలికే 'షీన్'. ఒక్క అధ్యాయం తేడాలో అక్షరం ఎందుకు మారింది?

పదశోధకుడు:
అక్షరాల అభ్యంతరం బలమైనదే, కానీ పట్టణం పేరు, మనిషి పేరు వేర్వేరు కాలాల్లో హెబ్రీలోకి వచ్చి ఉంటే ఆ తేడాకు అవకాశం ఉంది. అసలు చిక్కు వ్యాకరణంలో ఉంది. మోషే అనే రూపానికి హెబ్రీలో అర్థం 'తీసేవాడు'. రాజకుమారి చెప్పిన కారణానికి కావలసింది 'తీయబడినవాడు', అంటే 'మాషూయ్'. ఆదికాండము 11:9 కూడా బాబెలును 'తారుమారు చేయడం' అనే హెబ్రీ క్రియతో ముడిపెడుతుంది గాని, బబులోనువారికి ఆ పేరు 'దేవుని ద్వారం'. ఇలాంటి చోట్ల గ్రంథకర్త నిఘంటువు రాయడం లేదు, శబ్దసామ్యంతో కథను పేరులోకి ఎక్కిస్తున్నాడు. లేవీ గోత్రంలోని ఫీనెహాసు పేరు కూడా ఐగుప్తుదే. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ సైతం మోషే పేరును ఐగుప్తు మాటలతోనే వివరించాడు. ఆయన విడదీసిన తీరు మాత్రం ఈనాటి పండితులకు రుచించదు.

సుభాషిణి:
వాడుకను కూడా చూడండి. బైబిల్లో మరొక మోషే లేడు. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ అసలు పేరు మోషే బెన్ మైమోన్. మన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఈ పేరు పెట్టేవారు ప్రజలను బయటికి నడిపించిన నాయకుణ్ణే తలచుకుంటారు గాని, జమ్ముపెట్టెలోని పసివాణ్ణి కాదు. ఆ లెక్కన 'తీసేవాడు' అన్న అర్థమే సరిపోతుంది.

వాక్యప్రియ:
సుభాషిణి గారి మాటతో ఏకీభవిస్తాను. పదశోధకుడు గారు మాత్రం 'అవకాశం ఉంది' అన్నారే తప్ప, ఐగుప్తు 'స' హెబ్రీలో 'షీన్'గా మారిన మరో మనిషి పేరు చూపలేదు. అది చూపేవరకు నా ప్రశ్న అలాగే ఉంటుంది.