లైట్లు వెలిగితే పాత స్టీరియో బాగున్నట్టేనా?

కొత్తచెవి:
ఒకాయన దగ్గర 1970ల నాటి మరాంట్జ్ 2270 రిసీవర్ (రేడియో, ఆంప్లిఫయర్ కలిసిన పెట్టె) ఉంది. చీకట్లో ఆ నీలం డయల్ చూసి మనసు పారేసుకున్నాను. జత స్పీకర్లు, టర్న్‌టేబుల్ కూడా కలిపి ఇస్తానంటున్నారు. "ఆన్ అవుతోంది, లైట్లన్నీ వెలుగుతున్నాయి" అన్నారు కానీ పాట వినిపించలేదు. ఇదే నా మొదటి సెట్. ఏం చూసుకోవాలి?

సోల్డర్‌పొగ:
లైట్లు వెలిగాయంటే బల్బులు బాగున్నాయని అర్థం. అంతే.

నా మొదటి రిసీవర్‌ని ఐదు నిమిషాలు, అదీ గట్టిగా మోగించి చూసి కొనేశాను. ఇంటికొచ్చాక రాత్రి సౌండ్ తగ్గించి పెడితే ఎడమ ఛానల్ మాయం. నాబ్ కాస్త పెంచగానే మళ్లీ ప్రత్యక్షం. వారం రోజులు కేబుళ్లు మార్చి మార్చి విసిగిపోయాను. తీరా చూస్తే లోపల స్పీకర్ రిలే (స్పీకర్లను కలిపే స్విచ్) కాంటాక్టులు నల్లబడ్డాయి. అమ్మినాయన గట్టిగా ఎందుకు పెట్టారో అప్పుడు వెలిగింది.

అందుకే తక్కువ సౌండ్‌లో కనీసం అరగంట వినండి. బ్యాలెన్స్ నాబ్ అటూ ఇటూ తిప్పి రెండు వైపులా వస్తోందో లేదో చూడండి. నాబ్‌లు తిప్పుతుంటే గరగరలాడితే కంగారు పడొద్దు, కాంటాక్ట్ క్లీనర్‌తో చాలావరకు పోతుంది. ఏమీ మోగకపోయినా వచ్చే బుస్సు, టపటపలు మాత్రం వేరే సంగతి. అవి ట్రాన్సిస్టర్ల దాకా పోవచ్చు.

మీ మంచి స్పీకర్లు మాత్రం తీసుకెళ్లకండి! ఆంప్లిఫయర్ ఔట్‌పుట్ పాడై ఉంటే డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) నేరుగా స్పీకర్‌లోకి వెళ్లి, కోన్‌ని కదిలించే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్‌ని కాల్చేస్తుంది. ముందు మల్టీమీటర్‌ని డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి, వాల్యూమ్ సున్నాలో ఉంచి, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర కొలవండి. 50 లోపు ఉంటే ధైర్యంగా వినొచ్చు. ఎంత బాగా మోగినా లోపలి కెపాసిటర్ల (వయసు మీరితే చెడే భాగాలు) వయసు 50 ఏళ్లని మరిచిపోవద్దు. సర్వీసు ఖర్చు మనసులో పెట్టుకుని బేరమాడండి.

వూఫర్‌వైద్యుడు:
స్పీకర్ల ముందు గుడ్డ తీయించి చూడండి. కోన్ చుట్టూ ఉండే ఫోమ్ అంచుని వేలితో మెల్లగా తాకితే కాలిన కాగితంలా రాలిపోతే అది అయిపోయినట్టే. రబ్బరు అంచైతే చాలాకాలం ఉంటుంది. ఫోమ్ కొత్తది అతికించొచ్చు, నేనే చాలా అతికించాను. కానీ నాలుగు వేళ్లతో కోన్‌ని సమంగా లోపలికి నొక్కినప్పుడు గీసుకున్న చప్పుడు వస్తే కాయిల్ దెబ్బతిన్నదేమో. ఆ జత వదిలేయండి.

రెండోచేయి:
ఆన్ చేసే ముందు వెనక రాసిన వోల్టేజి చూడండి. జపాన్‌లో వాడకానికి చేసినవి 100, అమెరికావి 120 వోల్టులు. వాటిని 230లో పెడితే మిగిలేది వాసనే.

కొత్తచెవి:
వెళ్లొచ్చాను. వోల్టేజి సరిపోయింది. మీటర్‌లో ఎడమ 18, కుడి 31. ట్రెబుల్ నాబ్ ఒకటే గరగర. స్పీకర్ల ఫోమ్ తాకగానే నల్లగా వేలికి అంటుకుంది, ఆయనే పాపం మొహం చిన్నబుచ్చుకున్నారు. స్పీకర్లు వదిలేసి మిగతా రెండూ తెచ్చుకున్నాను. కానీ ఇంట్లో టర్న్‌టేబుల్ పెడితే దోమ పాడినట్టు ఉంది, బేస్ అసలు లేదు. మోసపోయానా?

సోల్డర్‌పొగ:
టెన్షన్ పడకండి. వైరు ఆక్స్‌లో, అంటే టేప్ లాంటి వాటికి వాడే మామూలు ఇన్‌పుట్‌లో పెట్టి ఉంటారు. మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ (సూది బిగించి ఉండే ముక్క) ఇచ్చేది ఐదు మిల్లీవోల్టుల చిల్లర. పైగా రికార్డు చెక్కేటప్పుడే బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి చెక్కుతారు. దాన్ని మళ్లీ సరిచేసేది ఫోనో ఇన్‌పుట్టే. వెనక ఫోనో అని ఉన్న చోటికి మార్చండి, గ్రౌండ్ వైరు కూడా బిగించండి, లేకపోతే గుయ్యిమంటుంది. సూది ఎన్నాళ్లదో ఆయనకీ తెలియదుగా, కొత్తది వేసేదాకా మీకిష్టమైన రికార్డులు దానికింద పెట్టకండి.

కొత్తచెవి:
ఆక్స్‌లోనే పెట్టాను 🙈 మార్చాను. బేస్ వచ్చింది. పక్కగదిలోంచి మా అమ్మ కూడా వచ్చింది, తగ్గించమని.