గేర్‌బాక్స్‌లో జీఎల్-4 పోయాలా, జీఎల్-5 పోయాలా?

కొత్త డ్రైవర్: ఫ్రంట్ వీల్ డ్రైవ్ చిన్న పెట్రోల్ కారు, 60,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే మొదటి రెండు కిలోమీటర్లు సెకండ్ గేరు కరకరమంటూ పడుతోంది, వేడెక్కాక మామూలే. మాన్యువల్‌లో గేర్ ఆయిల్ 75డబ్ల్యూ-80 (చిక్కదనం) జీఎల్-4 (నూనె రకం) అని రాశారు. షాపులో 80డబ్ల్యూ-90 జీఎల్-5 ఇచ్చి "ఇది పై గ్రేడు" అన్నారు. పోయించమంటారా?

నూనెచుక్క: వద్దండీ. 4 కన్నా 5 పైమెట్టు అనుకోవడంలోనే పొరపాటుంది. జీఎల్-5 హైపాయిడ్ గేర్ల కోసం. అంటే వెనక యాక్సిల్‌లో ఉండే క్రౌన్, పినియన్ అనే గేర్ల జత, వాటి పళ్లు ఒకదాన్నొకటి గట్టిగా ఒరుసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి తట్టుకోవాలని సల్ఫర్-ఫాస్ఫరస్ మందు జీఎల్-4లో కంటే ఇంచుమించు రెట్టింపు కలుపుతారు. మీ కారులో ఫైనల్ డ్రైవ్ (చక్రాల వైపు తిప్పే చివరి గేర్ల జత) ఏటవాలు పళ్ల హెలికల్ గేరు. ఆ మందుతో దానికి పనిలేదు.

ఆటోనగర్ మేస్త్రి: ఇక "జీఎల్-5 గేర్‌బాక్స్‌లోని ఇత్తడి సింక్రో రింగులను తినేస్తుంది" అంటారు, ఎప్పుడూ వినేదే. ఇప్పటి జీఎల్-5లో సల్ఫర్‌ను అదుపులో పెట్టే మందు కూడా ఉంటుంది. రాగి రేకును 121 డిగ్రీల నూనెలో 3 గంటలు ఉంచి పరీక్ష చేశాకే ఆ డబ్బా బయటికొస్తుంది. ఇత్తడి కరిగిపోవడం పాతకాలం మాట.

నూనెచుక్క: ఆ పరీక్షలో 3వ స్థాయి మరక దాకా పాస్ చేస్తారు. అంటే రేకు రంగు బాగా ముదిరినా ఒప్పుకుంటారు. అయినా నేను ఇత్తడి మాటే ఎత్తలేదు, మీరే ఎత్తారు. నేను చెప్పేది రాపిడి గురించి. సింక్రో రింగు గేరు కోన్‌ను పట్టుకుని రెండింటి వేగం సమానం చేయాలి. నూనె మరీ జారుడుగా ఉంటే పట్టు ఆలస్యమై, గేరును షాఫ్టుకు కలిపే స్లీవ్ ముందే వచ్చి పళ్లకు తగులుతుంది. ఆ కరకర అదే.

ఆటోనగర్ మేస్త్రి: ఇత్తడికి ఏమీ కాదని ఒప్పుకున్నారుగా. అది చాలు.

డీజిల్ బాబాయ్: ఇద్దరూ చల్లటి పొద్దున సంగతి వదిలేశారు. చల్లగా ఉన్నప్పుడే గేరు మొరాయిస్తోందంటే ముందు చూడాల్సింది చిక్కదనం. సింక్రో రింగు మీది గాట్లు నూనె పొరను కోసుకుంటూ వెళ్తేనే కోన్ దొరుకుతుంది. 80డబ్ల్యూ-90 పోస్తే ఆ రెండు కిలోమీటర్లు నాలుగవుతాయి. ఇంజన్ ఆయిల్ అంకెలతో పోల్చకండి. గేర్ ఆయిల్‌లో 90 అంటే 100 డిగ్రీల దగ్గర 13.5 నుంచి 18.5 సెంటిస్టోక్స్ (చిక్కదనం కొలత), ఇంచుమించు ఇంజన్ ఆయిల్ 40-50 అంత.

నూనె కన్నా ముందు క్లచ్ చూడండి. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, అయిదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. గరగరమంటే క్లచ్ పూర్తిగా విడవట్లేదు. అప్పుడు ఏ నూనె పోసినా దండగే.

టెక్సాస్ తెలుగు: ఇక్కడి సుబారు మాన్యువల్ గేరు కార్లలో ముందు డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు శక్తిని పంచే గేర్లు) గేర్‌బాక్స్‌లోనే ఉంటుంది, అదీ హైపాయిడ్. అందుకే కంపెనీయే జీఎల్-5 75డబ్ల్యూ-90 పోయమంటుంది. "గేర్‌బాక్స్‌కు జీఎల్-5 వద్దే వద్దు" అనడమూ తప్పే.

ఆటోనగర్ మేస్త్రి: చూశారా! పుస్తకం పట్టుకొచ్చి మేస్త్రీకి పాఠం చెప్పేవాళ్లు ఎక్కువైపోయారు. గేరు చెడితే మాత్రం నింద మాకే.

నూనెచుక్క: నింద వేయట్లేదు. కంపెనీ జీఎల్-4 అన్న చోట జీఎల్-5 ఎందుకు పోస్తున్నారో చెప్పండి, చాలు.

ఆటోనగర్ మేస్త్రి: చెప్తా వినండి. మా దగ్గరికి బొలేరోలు, ఏస్‌లే ఎక్కువ వస్తాయి. వాటిలో గేర్‌బాక్స్ వేరు, క్రౌన్, పినియన్ ఉండే వెనక యాక్సిల్ హౌసింగ్ వేరు. రెండు రకాల బకెట్లు పెడితే ఏదో ఒకరోజు కుర్రాడు మార్చి పోస్తాడు. జీఎల్-5 గేర్‌బాక్స్‌లో పడితే గేరు కాస్త మొరాయిస్తుంది. జీఎల్-4 హౌసింగ్‌లో పడితే క్రౌన్, పినియన్ అరిగి కూత మొదలవుతుంది, సెట్టు మొత్తం మార్చాలి. అందుకే ఒకే బకెట్, అదీ జీఎల్-5.

నూనెచుక్క: ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ లేదు. హౌసింగ్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ అది మీ షాపు భద్రత. ఈయన కారుకి వెనక హౌసింగే లేదు. బకెట్లకు, పంపులకు ఎరుపు, పచ్చ రంగులు వేసి పెట్టుకోండి. మీ స్టాకు ఇబ్బందిని "పై గ్రేడు" పేరుతో కస్టమర్‌కు అమ్మకూడదు.

ఆటోనగర్ మేస్త్రి: "పై గ్రేడు" అని నేను అనలేదు. అన్నవాళ్లది తప్పే. ఒకే బకెట్ మాట మాత్రం మార్చుకోను.

డీజిల్ బాబాయ్: మార్చేటప్పుడు పది కిలోమీటర్లు నడిపి, చదునైన చోట నిలపండి. ముందు ఫిల్లర్ బోల్ట్ విప్పండి. అది రాకముందే కింద డ్రెయిన్ విప్పేస్తే బండి అక్కడే ఆగిపోతుంది. వాషర్లు కొత్తవి వేయండి. ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి నూనె కారడం మొదలయ్యేదాకా పోసి, కారడం ఆగాక బోల్ట్ బిగించండి.

కొత్త డ్రైవర్: రివర్స్ మెత్తగా పడింది, క్లచ్ బాగానే ఉంది. డబ్బా తిరిగిచ్చేసి 75డబ్ల్యూ-80 జీఎల్-4 తెచ్చాను.

ఆటోనగర్ మేస్త్రి: మంచిది. దించిన నూనె పారబోయకండి. డ్రెయిన్ బోల్ట్ అయస్కాంతానికి బూడిదరంగు ముద్ద ఉంటే మామూలే, పలుకులు ఉంటే గేరు పన్ను విరిగినట్టు. ఇత్తడి అయస్కాంతానికి అంటదు. నూనెను తెల్ల గిన్నెలో పోసి ఎండలో చూడండి. బంగారు తళుకు బాగా కనిపిస్తే రింగు అరిగింది, బాక్స్ దించాల్సిందే.