సీడీ19 (బి కణాల గుర్తు ప్రోటీన్) బాగానే వస్తోంది, అదే కణం మీద ఐజీఎం (బి కణాలు చేసే ఒక రకం యాంటీబాడీ) రావట్లేదు. దాన్ని పట్టే రంగు యాంటీబాడీ పాడైందా?

ప్రశ్న (హన్మకొండ)
మనిషి రక్తం, ఈడీటీఏ ట్యూబు. 100 మైక్రోలీటర్ల రక్తంలో సీడీ19ను పట్టే యాంటీబాడీ (హెచ్ఐబీ19 క్లోన్, పీఈ రంగు), ఐజీఎంను పట్టే యాంటీబాడీ (ఎంహెచ్ఎం-88 క్లోన్, ఎఫ్ఐటీసీ రంగు) కలిపి 20 నిమిషాలు చీకట్లో ఉంచుతున్నం. తర్వాత అమ్మోనియం క్లోరైడ్‌తో ఎర్రకణాలు పగలగొట్టి, ఒకసారి కడిగి ఫ్లో సైటోమీటర్‌లో (ఒక్కో కణం మీది రంగు కొలిచే యంత్రం) పెడుతున్నం. లింఫోసైట్లలో సీడీ19 గుంపు 9 శాతం, చక్కగా విడిగా ఉంది. ఐజీఎం దాదాపు సున్నా. యాంటీబాడీ రెట్టింపు వేసినా అంతే. కొత్త వయల్ తెప్పించాలా?

జవాబు (వరంగల్)
ఇంకా వద్దు. రక్తం కడగకుండా రంగు వేస్తున్నరు, తప్పు అక్కడుంది. ఐజీఎం బి కణం మీదనే కాదు, ప్లాస్మాలో కూడా ఉంటది, మిల్లీలీటరుకు సుమారు 1 మిల్లీగ్రాము. మీ 100 మైక్రోలీటర్ల రక్తంలో సగం ప్లాస్మా అనుకున్నా 50 మైక్రోగ్రాములు. మీరు వేసే యాంటీబాడీ మహా అయితే 1 మైక్రోగ్రాము. కణం దాకా పోకముందే ప్లాస్మా దాన్ని మింగేస్తది. రెట్టింపు చేస్తే మాత్రం ఏ మూలకు? సీడీ19కి ప్లాస్మాలో ఆ పోటీ లేదు, అందుకే అది వస్తోంది.

రక్తంలో 37 డిగ్రీల పీబీఎస్ (ఉప్పు బఫర్) 4 మిల్లీలీటర్లు పోసి, 300 జీ దగ్గర 5 నిమిషాలు తిప్పి, పైనీరు తీయండి. అడుగున 200 మైక్రోలీటర్లు వదలాలి, లేకుంటే ఎర్రకణాల మీది పలుచని తెల్లపొర కూడా పోతది. ఒక్కో కడుగుకు 20 రెట్లు పలచబడ్తది. మూడుసార్లకు 8000 రెట్లు, అంటే 50 మైక్రోగ్రాములు 6 నానోగ్రాములకు దిగుతయి. యాంటీబాడీ ఆ తర్వాతే.

జవాబు (కరీంనగర్)
పైది సరైన మాట. ఒకటి కలుపుతా: కడగడం వెచ్చగా, రంగు వేయడం మాత్రం 4 డిగ్రీల దగ్గర, 0.1 శాతం సోడియం అజైడ్ ఉన్న బఫర్‌లో. యాంటీ-ఐజీఎం (ఐజీఎంను పట్టే యాంటీబాడీ) తగిలితే కణం మీది ఐజీఎం రిసెప్టర్లు గుంపు కట్టి కణంలోకి దిగిపోతయి, వెచ్చగా ఉంటే ఇంకా తొందరగా.

వయల్ మీద అనుమానం తీరాలంటే మౌస్ యాంటీబాడీని (మీది అదే) పట్టే కాంపెన్సేషన్ బీడ్స్‌కు, అంటే సన్న గుండ్లకు, కలిపి చూడండి. బీడ్స్ బాగా వెలిగితే రంగు, యాంటీబాడీ రెండూ ట్యూబులోనే ఉన్నట్టు.

మొత్తం సీడీ19 కణాలు ఐజీఎం పాజిటివ్ కావాలని చూడొద్దు. క్లాస్ మారిన (ఐజీఎం వదిలి వేరే రకం యాంటీబాడీకి మారిన) మెమరీ బి కణాల మీద ఐజీఎం ఉండదు. పాజిటివ్, నెగటివ్ మధ్య గీత ఎక్కడ గీయాలో ఎఫ్ఎంఓ ట్యూబు చెప్తది, అంటే ఐజీఎం ఒక్కటి తప్ప మిగతావన్నీ వేసిన ట్యూబు.

ప్రశ్న (హన్మకొండ)
ధన్యవాదాలు సార్. కప్పా, లాంబ్డా (యాంటీబాడీలోని రెండు రకాల లైట్ చెయిన్లు) చేసినా ఇదే కడుగుడేనా?

జవాబు (వరంగల్)
ఇంకా గట్టిగ కడగాలె. ఆ చెయిన్లు ప్లాస్మాలోని ఐజీజీ (మరో రకం యాంటీబాడీ) మీద కూడా ఉంటయి, అది మిల్లీలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు. ఎఫ్‌సీ బ్లాక్ (యాంటీబాడీ తోక కణాలకు ఊరికే అంటుకోకుండా ఆపడం) కోసం మనిషి ఐజీజీ అస్సలు వాడొద్దు, కడిగి తీసేసినదాన్నే మళ్లీ పోసినట్టయితది.